ఎక్కడో చదివాను

ఫిబ్రవరి 4, మంగళవారం

కొత్త పని వచ్చింది. సార్ పాత సింథసైజర్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. చెక్క అంచులు, రంగు వెలిసిన మీటలు. సంగీతం చేసేవాళ్ళందరికీ ఇప్పుడు మళ్ళీ ఆ గొంతే కావాలట. పాతవి దొరకడం లేదు కాబట్టి అచ్చం అలాంటిదే మనం చేద్దామన్నారు.

"పేటెంట్ సంగతి ఈ అమ్మాయి చూస్తుంది. ఎలాగూ ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటుంది కదా" అని నాకు అప్పజెప్పారు. అందరూ నవ్వారు. సర్క్యూట్ బొమ్మలు గీయడం, కొన్నవాళ్ళకిచ్చే మాన్యువల్ రాయడం నా పని. ఇక ఇది కూడా.

సాయంత్రానికి దొరికింది. నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే దాని గడువు తీరిపోయింది. సార్ చేతులు రుద్దుకున్నారు.

"చట్టం ఏమంటుంది? కనిపెట్టింది దాచకుండా చెప్పు, ఇరవయ్యేళ్ళు నీది, తరవాత అందరిదీ. ఆ అందరిలో మనం లేమా?"

ఉన్నాం. అయినా ఆ బొమ్మలు చాలాసేపు చూస్తూ కూచున్నాను. చేత్తో గీసినవి. ప్రతి గీతా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. కింద కనిపెట్టినాయన పేరుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మా నకలు మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి శ్రుతి జారింది. సార్ టేబుల్ లైటు దగ్గరికి జరిపితే ఇంకా జారింది. లైటు తీసి కిటికీ తెరిస్తే ఎటో వెళ్ళిపోయింది.

"పిల్లకి పడిశం పట్టింది సార్, ఆవిరి పట్టించండి" అంది రేడియో అక్క. పక్క బల్ల ఆవిడ. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. పేరు పెట్టింది కూడా తనే.

పాతది మాత్రం లైటు పెట్టినా, కిటికీ తెరిచినా కదల్లేదు. పేటెంట్ బొమ్మలో రెండు ట్రాన్సిస్టర్లు, పక్కన ఒక మామూలు రెసిస్టర్ ఉన్నాయి. పాతదాని లోపల అదే చోట ఒక నల్లటి ముద్ద ఉంది. లక్కలాంటిదేదో పోసి మూసేశారు. పగలగొడితే లోపలిది కూడా పగులుతుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటావిడ మెట్ల మీద ఎదురైతే తల ఊపాను. అది లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 12, బుధవారం

వాయిద్యాల దుకాణం గోడ మీద ఒక చీటీ అంటించి ఉంది. 'పాత సింథసైజర్లు బాగుచేయబడును.' కింద పేటెంట్ మీద ఉన్న పేరే. ఆయన బతికే ఉన్నారు. ఈ ఊళ్ళోనే, నేను ఎక్కే బస్సు చివరి స్టాపులో.

ఒక్క ప్రశ్న అడిగి వచ్చేస్తాను. సార్‌కి ముందే చెప్పడం ఎందుకు? ఆయన బదులివ్వకపోతే ఉత్త హడావిడి.

ఫిబ్రవరి 16, ఆదివారం

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. బెల్ నొక్కితే గంట మోగలేదు, పాటా రాలేదు. ఒకే ఒక్క స్వరం, ఎవరో నిద్రలో మూలిగినట్టు. తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది. బక్కపలచని మనిషి, మెడలో వేలాడే కళ్ళద్దాలు.

"బెల్ శ్రుతి ఈరోజు కొంచెం పెరిగింది. బయట చలిగా ఉందా?" ఇదీ ఆయన మొదటి మాట.

ఉందన్నాను. ఆ బెల్ ఆయన చేసిందేనట. ఎండకి తగ్గుతుంది, చలికి పెరుగుతుంది.

"మరి దాన్ని బాగుచెయ్యరా?"

"ఎందుకూ? నేను కిందికి దిగడం తక్కువ. బయట ఎలా ఉందో అదే చెప్తుంది."

గది నిండా పాత వాయిద్యాలు. మంచం మీద కూడా ఒకటి. ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి ఆయన మంచం అంచున కూచున్నారు. తాతగారూ అని పిలవబోయాను.

"తాతని చెయ్యకు. ఇంకా నాలుగు పళ్ళున్నాయి."

అప్పటినుంచి మాస్టారూ అంటున్నాను.

"చదువుకుంటున్నావా?" అని అడిగారు. చదువుతుంటానండీ అన్నాను. అది అబద్ధం కాదు.

తెచ్చుకున్న ప్రశ్న అడగనే లేదు. ఆయన మాట్లాడుతూ ఉంటే నేనూ మాట్లాడాను. బస్సెక్కాక గొంతు బొంగురుపోయిందని తెలిసింది. గొడుగు అక్కడే మరిచిపోయాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

గొడుగు కోసం వెళ్ళాను.

ఆయన బల్ల మీద ఎవరిదో విప్పిన వాయిద్యం ఉంది. నల్ల ముద్ద ఊడదీసిన చోటు ఖాళీగా ఉంది. ఇక అడగక తప్పలేదు.

"ఆ ముద్దలో ఏముంటుంది మాస్టారూ?"

ఆయన నావైపు చూశారు. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కోమన్నారు.

రెండు ట్రాన్సిస్టర్లు ఏరారు. కవలపిల్లల్లా ఒకే తీరువి. వాటిని వీపుకి వీపు ఆనించి, వెంట్రుకంత రాగితీగతో చుట్టడం మొదలుపెట్టారు. సగం దాకా ఒకవైపు, మిగతా సగం ఎదురువైపు. లేకపోతే తీగ ఊళ్ళో కరెంటు గొడవంతా వింటుంది అన్నారు.

"ఇది కట్టుతాడు అనుకునేవు. కాదు, ఇదే రెసిస్టర్. కవలలకి వేడెక్కితే దీనికీ ఎక్కుతుంది. వాళ్ళు ఎంత జారబోతే ఇది అంత బిగబట్టి ఆపుతుంది. అదే మందు, అదే దుప్పటి."

నా చేతికిచ్చారు. నాలుగుసార్లు తెంపాను. "నీ వేళ్ళు పరీక్ష రాస్తున్నట్టున్నాయి. కొంచెం వదులు చెయ్యి" అన్నారు. అయిదోసారి వచ్చింది.

"ఇది పేటెంట్‌లో లేదేం?"

"రాసేనాటికి తట్టలేదు. తట్టాక ఎవరూ అడగలేదు."

గొడుగు తెచ్చుకోవడం మళ్ళీ మరిచిపోయాను.

ఫిబ్రవరి 26, బుధవారం

మాస్టారు నేర్పినదానికీ ఆఫీసుకీ సంబంధం లేదు. ఆదివారాలు నా సొంతం.

మార్చి 2, ఆదివారం

నేను వెళ్ళేసరికి బల్ల మీద రెండు కప్పులు పెట్టి ఉన్నాయి. రెండోది కొత్తది, అడుగున ధర చీటీ అలాగే ఉంది. ఆయన చూడకుండా గోటితో గీకి తీసేశాను.

మార్చి 5, బుధవారం

సార్ నాలుగు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. ఈ వాయిద్యం నిలబడకపోతే వర్క్‌షాప్ నిలబడదని రేడియో అక్క అంది. ఈసారి ఆవిడ నవ్వలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. నా బల్ల మీద తీగ ఉంది. ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. చేతికి ఇంకా అలవాటుందో లేదో చూద్దామనుకున్నాను, అంతే. చుట్టాక పారేయడం ఎందుకని బోర్డులో పెట్టాను. పెట్టాక టంకం వేశాను. ఒకదాని తరవాత ఒకటి.

సార్ వచ్చి లైటు పెట్టారు. కిటికీ తెరిచారు. స్వరం కదల్లేదు. రేడియో అక్క మొదటిసారి నోరు మూసుకుని వింది.

"ఎవరు చేశారిది?"

అందరూ నావైపు చూశారు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఎక్కడో చదివాను సార్."

నమ్మేశారు. నేను చెప్తే అది ఎవరైనా నమ్ముతారు. మనసులో మాట బయటపెట్టకుండా ఉండటం కాన్వెంట్‌లో నేర్పారు. అబద్ధం నేనే నేర్చుకున్నాను.

మార్చి 6, గురువారం

చాలా మంచి శబ్దం. అది మాత్రం నిజం.

మార్చి 9, ఆదివారం

చెప్పాలనే వెళ్ళాను. ఆయన ఉత్సాహంగా ఉన్నారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కుట్టుమిషను మోటారు విప్పి తీగంతా లాగేసిన సంగతి చెప్పారు. వారం రోజులు ఆవిడ చేత్తోనే కుట్టిందట, తిడుతూ. మధ్యలో ఆపి నా సంగతి చెప్పడం బాగుండదు.

వచ్చేవారం.

మార్చి 10, సోమవారం

సార్ నన్ను గదిలోకి పిలిచారు. కూర్చోమన్నారు. ఎప్పుడూ అనరు.

"ఆ తీగ చుట్టడం సంగతి. దానికి మనం పేటెంట్ వేస్తున్నాం."

లేవబోయాను. మళ్ళీ కూర్చోమని సైగ చేశారు.

"ఎక్కడో చదివానన్నావ్ కదా. ఎక్కడో వెతుకు. ఇదివరకే అచ్చులో ఉంటే మనది కాదు, అందరిదీ. ఎక్కడా లేకపోతే, అమ్మాయ్, అది నీ బుర్రలోంచి వచ్చినట్టే. కనిపెట్టినవారు అన్నచోట నీ పేరు వేయిస్తాను. నేను అలాంటివి కొట్టేసేవాణ్ణి కాదు."

ఆయన అలాంటివారు కాదు. ఆ మాట నిజమే.

"పాతవాటిలోనే ఉందేమో సార్, ఆ ముద్దలో."

"కనిపించనిది లెక్కలోకి రాదంటున్నాడు పేటెంట్ ఏజెంటు. ముద్ద పగలగొట్టి చూసినవాడు ఎవడు?"

నమూనా కాగితం చూపించారు. నా పేరు టైపు చేసి ఉంది, ఇంటిపేరుతో సహా. పాత పేటెంట్ మీద మాస్టారి పేరు ఉన్న చోటే. కాగితం తిరిగి ఇవ్వడానికి కొంచెం ఆలస్యం చేశాను.

మార్చి 12, బుధవారం

లైబ్రరీ. పాత పత్రికల గదిలో దుమ్ము. దొరకలేదు.

మార్చి 13, గురువారం

లైబ్రరీ. దొరకలేదు. లేదని తెలిసిన దాన్ని ఇంత శ్రద్ధగా వెతకవచ్చని నాకు తెలియదు. లైబ్రేరియన్ జాలిపడి ఇంకో బీరువా తెరిచింది.

మార్చి 14, శుక్రవారం

ఇంటినుంచి మా అక్క ఫోన్ చేసింది. పేటెంట్ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో?

"అమ్మా, ఇది విన్నావా! చిన్నది ఏదో కనిపెట్టిందట!" అని అక్కడినుంచే అరిచింది. వెనక అమ్మ గొంతు: "ఏం పోయిందట, ఏం కనిపెట్టింది?" అక్క పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టాక గది ఇంకా చిన్నదైనట్టు అనిపించింది.

మార్చి 16, ఆదివారం

నేను వెళ్ళేసరికి ఒక పాటగాడు తన పాత సింథసైజర్ సంచిలో మోసుకుని వచ్చి ఉన్నాడు. మూడు అంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు. మాస్టారు నల్ల ముద్ద తీసి కొత్త జత చుట్టారు. చేతులు వణుకుతాయి కానీ తీగ పట్టుకోగానే ఆగిపోతాయి. శ్రుతి నిలబడగానే ఆ పాటగాడు ఆయన భుజం మీద చెయ్యి వేసి "మీరు లేకపోతే ఇవన్నీ చెక్కపెట్టెలే మాస్టారూ" అన్నాడు.

ఆయనకి అది చాలు. మొహం చూస్తే తెలుస్తుంది.

పేటెంట్ వచ్చిందంటే ఆ తీగ చుట్టడానికి ఆయన మమ్మల్ని అడగాలి. ఆయన వేళ్ళు నా పేరుకి దణ్ణం పెట్టుకుని మొదలవ్వాలి.

చెప్పలేదు. గొడుగు కోసం వెతికినట్టు నటించి, వాన లేదు కదా అని అక్కడే వదిలేసి వచ్చాను.

మార్చి 18, మంగళవారం

"దొరికిందా?"

"లేదు సార్."

"అయితే ఇరవై ఎనిమిదిన ఏజెంటు దాఖలు చేస్తాడు. నీ సంతకం కావాలి."

పెన్ను ఇచ్చారు. మొత్తం చదివి పెడతానన్నాను. "చదువు, చదువు. అది లేకుండా నీకు ముద్ద దిగదు కదా" అని నవ్వారు.

ఇంటికొచ్చి చదివాను. ఆ మాటే కనబడుతోంది. దాఖలు చేసేలోపు ఎక్కడైనా అచ్చయి ఉంటే చెల్లదు. ఎక్కడైనా. ఎంత చిన్న పత్రికైనా.

మాస్టారిని అడగకుండా అచ్చువేస్తే అది రెండో దొంగతనం. అడగాలంటే మొదటిది చెప్పాలి.

మొదటిసారి ఆ మాట రాశాను.

మార్చి 20, గురువారం

ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను.

తలుపు తీస్తూనే "ఇవాళ ఆదివారమా?" అన్నారు. కప్పు కడగబోయారు. వద్దన్నాను. నిలబడే చెప్పాను, అంతా. ఎక్కడ పనిచేస్తున్నానో, ఎందుకు వచ్చానో, తీగ ఎవరి బోర్డులో చుట్టానో, కాగితం మీద ఎవరి పేరుందో.

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. పెట్టుకోలేదు.

"ఆ గొడుగు కూడా అబద్ధమేనా?"

"మొదటిసారి కాదు మాస్టారూ. నిజంగానే మరిచిపోయాను."

"తరవాత?"

తలుపు దగ్గరున్న గొడుగు వైపు చూశాను.

"నేనేమీ దాచుకోలేదమ్మా. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదంతే. నువ్వు అడిగావనుకున్నాను. అడిగింది మీ కంపెనీ."

కాదని చెప్పాలనుకున్నాను. ఎంతవరకు కాదో నాకే తెలియదు.

అచ్చువేసే దారి చెప్పాను. రేడియో, ఎలక్ట్రానిక్స్ హాబీవాళ్ళ మాసపత్రిక ఒకటుంది. ఇరవై అయిదున వస్తుంది, చివరి పేజీలకి రేపటిదాకా రాసినవి తీసుకుంటారు. దాంట్లో పడితే ఇక ఎవరి పేరుమీదా ఉండదు. మా కంపెనీదీ కాదు. మీదీ కాదు.

"నాది కాకుండా చేస్తేనే నాకు దక్కుతుందన్నమాట" అన్నారు. తరవాత కుర్చీ చూపించారు.

"రాసుకో."

ఆయన చెప్పారు, నేను రాశాను. రెండుచోట్ల ఆపి, "ఇది నీ పుస్తకాల భాష. చేసేవాడికి అర్థమయ్యేలా రాయి" అని దిద్దించారు. తీగ ఎదురువైపు తిప్పాల్సిన చోట బొమ్మ ఆయనే గీశారు. గీత ఆగాల్సిన చోట ఆగింది.

పైన ఆయన పేరు రాసి చూపించాను. ఒత్తు తప్పింది. దిద్దారు.

లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నా గొడుగు తీసి చేతికిచ్చారు.

"ఇక మరిచిపోకు."

మార్చి 23, ఆదివారం

వెళ్ళాను. బెల్ నొక్కాను. మోగలేదు. మళ్ళీ నొక్కాను. లోపలినుంచి దగ్గు వినిపించింది, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. బెల్ తీగ తీసేసినట్టున్నారు.

తలుపు కొట్టవచ్చు. కొట్టలేదు.

మార్చి 25, మంగళవారం

పత్రిక వచ్చింది. వెనక నుంచి రెండో పేజీ, పాత స్పీకర్లు అమ్మబడును అనే ప్రకటన పక్కన. మాస్టారి పేరు, ఒత్తు సరిగా. నా పేరు ఎక్కడా లేదు. తీసుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు.

"ఎక్కడో చదివానన్నావ్. ఇదేనా ఆ ఎక్కడో?"

"అవును సార్."

"తారీఖు చూశావా?"

"చూశాను సార్."

"నువ్వు చదివిన తరవాత అచ్చయింది."

"అవును సార్."

నవ్వుతారో తిడతారో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. టైపు చేసిన కాగితం తీసి, నా పేరు పైకి వచ్చేలా మడిచి, చెత్తబుట్టలో వేశారు.

"నీ మంచికే చేశానమ్మా నేను."

"తెలుసు సార్."

"సరే, ఇప్పుడు మనం వాడుకోవచ్చా, అదీ లేదా?"

"అందరూ వాడుకోవచ్చు సార్. మనం కూడా."

పోతూ పోతూ ఒక మాట అడిగాను. నేను రాసే మాన్యువల్ మొదటి పేజీలో మాస్టారి పేరు వేద్దామని.

"చట్టప్రకారం అక్కర్లేదు."

"అక్కర్లేదు సార్."

చూద్దాం అన్నారు. సాయంత్రానికి నా బల్ల ప్యాకింగ్ గదిలోకి మార్చారు.

మార్చి 27, గురువారం

ప్యాకింగ్ గదికి కిటికీ లేదు. అట్టపెట్టెల మధ్య నేనొక్కదాన్నే. రేడియో అక్క టేపు కావాలని వచ్చింది. టేపు తన బల్ల మీదే ఉంటుంది.

"మొత్తానికి పెద్ద పని చేశావే" అంది. తిట్టో మెచ్చుకోలో తెలియలేదు. టేపు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

మార్చి 30, ఆదివారం

పత్రిక ఒక ప్రతి కవరులో పెట్టుకుని వెళ్ళాను. తలుపు కింద సందులోంచి తోసి వచ్చేద్దామని. గొడుగు తీసుకెళ్ళలేదు. ఎండగా ఉంది.

కవరు తోశాను. సగం దాకా వెళ్ళి ఆగింది. ఇంకొంచెం తోయబోతుంటే లోపలివైపు నుంచి ఎవరో లాగినట్టు జారిపోయింది. నిలబడ్డాను. కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తరవాత దూరం వెళ్తున్న అడుగులు. ఆ తరవాత ఏమీ లేదు.

రెండు మెట్లు దిగాను. మళ్ళీ ఎక్కాను. మోగదని తెలుసు. అయినా నొక్కాను.

మోగింది. పోయిన నెల కంటే బాగా తగ్గింది, ఎండకి.

ఆయన నెమ్మదిగా నడుస్తారు. నిలబడ్డాను.